రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్: కొనే ముందు అందరూ అడిగేవి, కొన్నాక అడిగేవి

నేను పెద్ద చేపలు పెంచుతానని తెలిసిన ప్రతివాళ్ళూ ఈ చేప గురించే అడుగుతున్నారు, ఒక్కొక్కళ్ళకి విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకేచోట రాసి పెడుతున్నా. కొంచెం పెద్దదే అయింది, ఓపిగ్గా చదవండి. కొనేశాక చదివితే సగమే ఉపయోగం, కొనకముందే చదివితే ఒక చేప బతుకుద్ది.

షాపులో ఆర్‌టీసీ అంటున్నారు, అదేనా ఇది?

అదే. రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ అనే పేరులోంచి మొదటి అక్షరాలు తీసి ఆర్‌టీసీ అంటారు, మన బస్సుల ఆర్టీసీతో సంబంధం లేదు. సైన్సు పేరు ఫ్రాక్టోసెఫాలస్ హెమియోలియోప్టెరస్. ఫ్రాక్టోసెఫాలస్ అంటే కవచం కట్టిన తల అని అర్థం, తల మీద వేలు పెట్టి రాస్తే ఎందుకు ఆ పేరు పెట్టారో తెలిసిపోద్ది, చర్మం కింద గట్టి ఎముక, గుంటలు గుంటలుగా గరుగ్గా తగులుద్ది. వీపు నల్లగా గోధుమరంగు మచ్చలతో, పక్కన నోటి దగ్గర్నుంచి తోక దాకా తెల్లటి పట్టీ, తోకేమో పండు మిరపకాయ రంగు. పొలుసులు ఉండవు. మీసాలు మూడు జతలు, పై దవడకి ఒక జత, కింద దవడకి రెండు జతలు. ఫ్రాక్టోసెఫాలస్ అనే ఈ గుంపులో ఇప్పుడు బతికున్న రకం ఇదొక్కటే, మిగతావన్నీ శిలాజాలే.

రెడ్‌టెయిల్ షార్క్ అని ఇంకోటి అమ్ముతారు, నల్లటి ఒళ్ళు ఎర్ర తోక, అరచేతిలో పట్టేంత. దానికీ దీనికీ ఏ చుట్టరికం లేదు.

ఎక్కడి చేప? మన దగ్గరికి ఎలా వచ్చింది?

దక్షిణ అమెరికా. అమెజాన్, ఒరినోకో, ఎసెక్విబో, ఈ మూడు నదుల నీళ్ళలో ఉంటది. బ్రెజిల్, పెరూ, కొలంబియా, వెనిజులా, బొలీవియా, ఈక్వడార్, గయానా, అన్నిచోట్లా దొరుకుద్ది. బ్రెజిల్‌లో పిరరారా అంటారు, అక్కడి టూపీ భాషలో పిరా అంటే చేప, అరారా అంటే మకావ్ చిలక, అంటే చిలక చేప అన్నమాట. వెనిజులాలో కహారో. వెనిజులాలోనే ఉరుమాకో అనే చోట లక్షల ఏళ్ళ కిందటి మయోసీన్ కాలం నాటి దీని చుట్టాల ఎముకలు దొరికాయి, ఇప్పుడు అక్కడ అమెజానూ పారదు ఒరినోకో కూడా పారదు, అంటే నదులు దారి మార్చుకున్నాయి గానీ చేప మాత్రం అదే తలకాయతో ఇంకా ఉంది! నాకైతే ఈ ఒక్క విషయం చాలు దీని మీద గౌరవం కలగడానికి.

మన దగ్గరికి అక్వేరియం వ్యాపారంలో వచ్చింది. థాయిలాండ్ లాంటి చోట్ల ఫారాల్లో పిల్లల్ని తీస్తారు. మన ఊళ్ళ షాపులకి చాలావరకు చెన్నై కొళత్తూరు మార్కెట్ నుంచి ఆక్సిజన్ కవర్లలో పార్సిల్ వస్తాయి.

ఎంత పెద్దదవుద్ది? షాపాయన రెండడుగులు అన్నాడు

నాకు ఒకటిన్నర అడుగు దగ్గర ఆగిపోద్దని చెప్పారు. నమ్మి మూడంగుళాల పిల్లని తెచ్చుకున్నా. ఏడాది తిరిగేసరికి ఆ ఒకటిన్నర అడుగు వచ్చేసింది, ఆగలేదు.

నిజం లెక్క ఇది. పెద్ద చేప మామూలుగా మూడు నుంచి నాలుగు అడుగులు. 134 సెంటీమీటర్ల దాకా నమోదైంది, అంటే దాదాపు నాలుగున్నర అడుగులు. గాలంతో పట్టిన వాటిలో ప్రపంచ రికార్డు 56 కిలోలు, 2010లో బ్రెజిల్‌లో పట్టారు. మీ ఇంట్లో గ్యాస్ సిలిండర్ నిండుది దాదాపు ముప్పై కిలోలు ఉంటది, దానికి రెండింతలకి కొంచెం తక్కువ అనుకోండి.

ఇప్పుడు ట్యాంకు లెక్క చూడండి. మన ఇళ్ళల్లో పెద్ద ట్యాంకు అంటే నాలుగడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు. తొమ్మిది ఘనపుటడుగులు, 255 లీటర్లు. నాలుగడుగుల చేప ఒకటిన్నర అడుగు వెడల్పులో వెనక్కి ఎలా తిరుగుద్ది? తిరగలేదు. నా అంచనాలో దీనికి కనీసం పదిహేనడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు తొట్టి కావాలి. అది దాదాపు 13,600 లీటర్లు, అంటే నీళ్ళ బరువే పదమూడున్నర టన్నులు. డాబా మీద కడదాం అనుకునేవాళ్ళు ముందు ఇంజినీరుని అడగండి, స్లాబు దాన్ని మొయ్యదు. నేల మీద సిమెంటు తొట్టి కట్టించగలిగే స్థలం, ఫిల్టర్ ఖర్చు, కరెంటు పోతే ఎయిర్ పంపు నడిచే ఇన్వర్టర్, ఈ మూడూ ఉన్నవాళ్ళే దీని గురించి ఆలోచించాలి.

ట్యాంకు చిన్నదైతే చేప కూడా చిన్నగానే ఉండిపోద్దంట కదా?

ఈ మాట ఎవరు పుట్టించారో గానీ దీని వల్ల చచ్చిన చేపలు ఇన్నీ అన్నీ కావు. చిన్న ట్యాంకులో నీళ్ళు తొందరగా పాడవుతాయి, అమ్మోనియా, నైట్రేటు పెరుగుతాయి, చేప ఎదుగుదల దెబ్బతింటది, నడుం వంకర పోద్ది, గాజుకి రాసుకుని రాసుకుని మూతి పుండు పడుద్ది, మీసాలు అరిగిపోతాయి. అది "ట్యాంకుకి సరిపడా పెరగడం" కాదండి, జబ్బు. పసిపిల్లాణ్ణి చిన్న గదిలో పెట్టి పొడుగు పెరగలేదు చూశారా అంటే ఒప్పుకుంటామా.

నోరు ఎందుకంత పెద్దది? దానితో ఏం చేస్తది?

ఈ చేపకి తల శరీరంలో చాలా భాగం, ఆ తలకి నోరే చాలా భాగం. మూడంగుళాల పిల్లని పైనుంచి చూసినా తెలుస్తది, ముందు వైపు పారలా వెడల్పుగా ఉండి వెనక్కి సన్నబడతది. షాపులో అందరూ ఎర్ర తోకని చూస్తారు, నేను ఇప్పుడు నోటినే చూడమంటా, అది ఎంత కాబోతోందో ఆ నోరే చెప్పేస్తది.

కోరపళ్ళు ఉండవు. దవడ మీద పట్టీలాగా సన్నసన్నటి పళ్ళు, గరుకు కాగితం మీద వేలు పెట్టినట్టు. అంటే ఇది కొరికి ముక్కలు చేసే చేప కాదు, మొత్తంగా మింగే చేప. పని చేసే పద్ధతి ఏంటంటే నోరు ఒక్కసారిగా తెరిచి, గొంతు కిందకి దించి, లోపల ఖాళీ పెంచేస్తది, ఆ ఖాళీలోకి నీళ్ళు దూసుకొస్తాయి, నీళ్ళతో పాటు ఎదురుగా ఉన్నది కూడా. నోరు మూసి నీళ్ళని మొప్పల్లోంచి బయటికి వదిలేస్తది. మన కళ్ళకి మధ్యలో ఏమీ కనపడదు, ఉన్న చేప ఇప్పుడు లేదు, అంతే.

నా ట్యాంకులో జరిగింది చెప్తా. రాత్రి పదకొండు దాటింది, లైటు ఆపేశా, వీధి లైటు వెలుతురు మాత్రం పడుతోంది. ఇది అడుగున రెండు రెక్కలు ఆనించుకుని కదలకుండా ఉంది, కింది మీసాలు మాత్రం ముందుకి చాచి ఇసకని తడుముతున్నాయి. పైన ఏంజెల్ ఫిష్ ఒకటి, అరచేయంత, ఆర్నెల్లు కలిసి బతికాయి కాబట్టి నాకు భయం లేదు. ఏంజెల్ నిద్రమత్తులో మెల్లగా కిందకి జారింది, దాని కింది రెక్క కొస ఈ మీసానికి తగిలింది. టప్ మని ఒక చప్పుడు, గాజు బయటికి వినపడేంత. ఇసక లేచింది. ఇసక సర్దుకున్నాక చూస్తే మనవాడు అక్కడే, అదే పోజులో, పొట్ట మాత్రం ఒక పక్కకి కోణంగా పొడుచుకొచ్చి ఉంది. తెల్లారేదాకా ఆ కోణం అలాగే ఉంది. అప్పటినుంచి కలిసి పెరిగాయి కాబట్టి ఏం చెయ్యదు అనే మాట నేను నమ్మను.

ఒంటికంటే పెద్ద చేపని మింగి బెలూన్ లాగా అయిపోయే క్యాట్‌ఫిష్ వీడియో చూశా, అది ఇదేనా?

కాదు, అది గల్పర్ క్యాట్‌ఫిష్, ఆస్టెరోఫైసస్ బట్రాకస్. అదీ దక్షిణ అమెరికాదే, రియో నీగ్రో నదిలో, ఒరినోకో ఎగువ ప్రాంతాల్లో ఉంటది, కుటుంబం వేరు. మొత్తం పొడవు 25 సెంటీమీటర్ల లోపే గానీ నోరూ పొట్టా సాగే తీరు చూస్తే నమ్మలేం, తన సైజు చేపనే మింగేస్తది, మింగాక పొట్ట చర్మం సాగి లోపలి చేప ఆకారం బయటికి కనపడుద్ది. చిన్నది కదా అని దాన్ని కమ్యూనిటీ ట్యాంకులో, అంటే రకరకాల చేపలు కలిపి పెంచే ట్యాంకులో వేస్తే ఇంకా ప్రమాదం, ఎందుకంటే "నోటికంటే పెద్ద చేప అయితే సేఫ్" అనే మామూలు సూత్రం దాని దగ్గర పనిచెయ్యదు.

దీంతో పాటు వేరే చేపలు వెయ్యొచ్చా?

నోట్లో పట్టేది ఏదైనా తిండే. ఇవాళ పట్టనిది ఆర్నెల్లకి పడుద్ది. చాలా పెద్ద తొట్టిలో పాకు లాంటి ఎత్తైన ఒళ్ళున్న చేపల్ని కలిపి పెంచుతారు, అది కూడా రెండూ పెద్దయ్యాకే. మన ఇంటి ట్యాంకులో అయితే ఒంటరిగా ఉంచడమే మంచిది.

రాళ్ళు, హీటర్ కూడా మింగుద్దంటున్నారు, నిజమా?

నిజం. గులకరాళ్ళు, థర్మామీటర్, హీటర్ రబ్బరు బుడిపెలు, ప్లాస్టిక్ మొక్కలు, ఏదైనా. చాలాసార్లు తర్వాత కక్కేస్తది, కొన్నిసార్లు లోపలే ఇరుక్కుని చచ్చిపోద్ది. అందుకే అడుగున ఏమీ లేకుండా ఉంచండి, లేదా సన్నటి ఇసక. రాయి పెట్టాలంటే దాని తలకంటే పెద్దది పెట్టండి. హీటర్, ఫిల్టర్ సామాన్లన్నీ సంప్‌లోకి, అంటే పక్కన విడిగా పెట్టే ఫిల్టర్ తొట్టిలోకి మార్చేస్తే గొడవే లేదు. మన కోస్తాలో అయితే హీటర్ అవసరం తక్కువే, 24 నుంచి 28 డిగ్రీలు దానికి హాయి, అసలు సమస్య మే నెలలో నీళ్ళు మరీ వేడెక్కడం. వేడి నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుద్ది, అప్పుడు రెండో ఎయిర్ పంపు పెట్టండి, నీడ వెయ్యండి.

తిండి ఏం పెట్టాలి? ఎన్నిసార్లు?

అమెజాన్‌లో ఇది చేపలు, పీతలు తింటది, వరదకి అడవి మునిగినప్పుడు చెట్ల మీంచి నీళ్ళలో రాలిన పండ్లు కూడా తింటది. క్యాట్‌ఫిష్ పండ్లు తినడం ఏంటని చాలామంది ఆశ్చర్యపోతారు గానీ అక్కడ నెలల తరబడి చెట్ల మధ్యనే చేపలు ఈదుతుంటాయి, కాబట్టి అది మామూలే.

మన దగ్గర తేలిగ్గా దొరికేవి రొయ్యలు, బొచ్చె ముక్కలు, మునిగే పెల్లెట్లు. పిల్లగా ఉన్నప్పుడు రోజూ కొద్దిగా, అడుగు దాటాక రోజు మార్చి రోజు, పెద్దదయ్యాక వారానికి ఒకటి రెండుసార్లు చాలు. పొట్ట ఎప్పుడూ ఉబ్బి ఉండాలని లేదు. చికెన్, లివర్ అలవాటు చెయ్యకండి, ఆ కొవ్వు చేప ఒంటికి పడదు, నీళ్ళు కూడా జిడ్డుగా అయిపోతాయి. ఇంకోటి, వీడియో కోసం బతికున్న గోల్డ్‌ఫిష్‌లు వెయ్యడం దయచేసి మానండి. వాటితో జబ్బులు వస్తాయి, పైగా గోల్డ్‌ఫిష్ ఒంట్లో థయామినేజ్ అనే పదార్థం ఉంటది, అదే పనిగా అవే పెడితే బీ1 విటమిన్ లోపం వస్తది.

పొలుసులు లేని చేప కాబట్టి మందులు వేసేటప్పుడు జాగ్రత్త, ముఖ్యంగా కాపర్ ఉన్నవి. మున్సిపల్ నీళ్ళు నేరుగా పొయ్యకండి, యాంటీ క్లోరిన్ వేసి పొయ్యండి.

గవర్నమెంటు బ్యాన్ చేసిన క్యాట్‌ఫిష్ ఇదేనా?

కాదు. పేపర్లో వచ్చేది, అధికారులు చెరువుల మీద రైడ్ చేసి జేసీబీతో గుంట తీసి టన్నుల కొద్దీ పూడ్చిపెట్టేది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్, దాని పెంపకం మన దేశంలో నిషేధం. అది తిండి కోసం దొంగచాటుగా పెంచుతారు. మన నాటు వాలుగ, జెల్ల, మార్పు ఇవన్నీ కూడా క్యాట్‌ఫిష్ వర్గమే, వాటిమీద నిషేధం ఏమీ లేదు. మీసాలున్న ప్రతి చేపనీ ఒకే గాటన కట్టేసి నాటు వాలుగని కూడా భయంతో తినడం మానేసినవాళ్ళని చూశా, అది అన్యాయం.

దీన్ని తింటారా?

వాళ్ళ దేశాల్లో చాలాచోట్ల స్థానికులు తినరు, మాంసం నల్లగా ఉంటదని. ఇంకో కారణం కూడా ఉంది, అమెజాన్ ఊళ్ళల్లో కొన్ని చేపల్ని రెమోసో అంటారు, ముఖ్యంగా పొలుసుల్లేని మీసాల చేపల్ని. పుండు ఉన్నవాళ్ళు, ఆపరేషన్ అయినవాళ్ళు, బాలింతలు తినకూడదని వాళ్ళ నమ్మకం. మా అమ్మమ్మకి ఈ ముక్క చెప్తే "పథ్యం ఎక్కడైనా పథ్యమే కదరా" అంది. ఎక్కడి అమెజాన్, ఎక్కడి మా తెనాలి!

చిలకల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అమెజాన్‌లో స్థానికులు పెంపుడు పచ్చ చిలకలకి పెద్ద క్యాట్‌ఫిష్‌ల కొవ్వు తినిపిస్తారనీ, దాంతో వాటికి ఎరుపు పసుపు ఈకలు వస్తాయనీ అక్కడ తిరిగొచ్చిన ప్రకృతి శాస్త్రవేత్త వాలెస్ చెప్పిన మాటని డార్విన్ 1868లో రాశాడు. ఇది చదివాక పిరరారా, చిలక చేప, ఆ పేరు నాకు ఇంకో రకంగా వినపడుతోంది.

అమెజాన్‌లో అన్నిటికంటే పెద్ద క్యాట్‌ఫిష్ ఇదేనా?

కాదు, అక్కడే ఉండే పిరయీబా అనే ఇంకో క్యాట్‌ఫిష్ దీనికంటే పెద్దది.

ఇంట్లో గుడ్లు పెడుద్దా? ఎన్నేళ్ళు బతుకుద్ది?

ఇంటి ట్యాంకులో పెట్టదు, ఫారాల్లో హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి పిల్లల్ని తీస్తారు. టైగర్ షవల్‌నోజ్ అనే ఇంకో క్యాట్‌ఫిష్‌తో క్రాస్ చేసిన హైబ్రిడ్లు కూడా మార్కెట్లో ఉన్నాయి, అవి చిన్నగా ఉంటాయనుకోకండి, వాటికీ తొట్టే కావాలి. సరిగ్గా చూసుకుంటే పదిహేనేళ్ళ పైనే బతుకుద్ది. అంటే ఇవాళ ఇంటర్ చదివే కుర్రాడు కొంటే వాడికి ఉద్యోగం వచ్చి, పెళ్ళయి, పిల్లలు స్కూలుకెళ్ళేదాకా ఆ చేప ఉంటది. హాస్టల్‌కి వెళ్ళిపోయాక నీళ్ళు ఎవరు మారుస్తారు? అమ్మ. చాలా ఇళ్ళల్లో అదే జరుగుతోంది.

పెంచలేకపోతున్నా, మా ఊరి చెరువులోనో కాలవలోనో వదిలెయ్యొచ్చా? అదీ బతుకుద్ది కదా

వద్దు. ఈ పేజీ మొత్తంలో ఇదొక్కటి గుర్తుపెట్టుకున్నా చాలు, వద్దు.

చస్తే ఒక బాధ, బతికితే పెద్ద బాధ. మన నీళ్ళు వెచ్చగా ఉంటాయి, తిండికి లోటు లేదు, అది బతికే అవకాశం బాగానే ఉంది. నాలుగడుగుల చేప మన చెరువులో ఏం తింటది? బొచ్చె పిల్లలు, రవ్వ పిల్లలు, కొర్రమీను పిల్లలు. తెలంగాణలో ప్రభుత్వం 2016–17 నుంచి చెరువుల్లో చేపపిల్లలు వదులుతోంది, వాటి మీద సొసైటీల్లోని మత్స్యకారుల ఇళ్ళు గడుస్తున్నాయి. మన జాలి వాళ్ళ వలలో చిల్లు అవకూడదు.

ఇది ఊహ కాదు, ఇదే దక్షిణ అమెరికా నుంచి ఇదే అక్వేరియం దారిలో వచ్చిన ఇంకో క్యాట్‌ఫిష్ ఏం చేసిందో చూస్తున్నాం. సక్కర్ ఫిష్ అని ట్యాంకు గాజు శుభ్రం చెయ్యడానికి కొంటాం కదా, పాచి తినే నల్ల చేప, అది పెద్దదయ్యాక జనం కాలవల్లో వదిలేశారు. ఇప్పుడు దాన్ని డెవిల్ ఫిష్, దెయ్యం చేప అంటున్నారు, ఒళ్ళంతా ముళ్ళ కవచం, వలలు చించేస్తది, అమ్ముదామంటే కొనేవాడు లేడు. తూర్పు కనుమల నీళ్ళల్లో అది ఎంత దూరం పాకిందో హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నీళ్ళలో మిగిలిన డీఎన్ఏ పట్టుకుని వెతకాల్సి వచ్చింది. అది పాచి తినే చేప, దానికే ఇంత. ఇది చేపలు తినే చేప.

మరి ఏం చెయ్యమంటారు?

కొన్న షాపులోనే వెనక్కి తీసుకుంటారేమో అడగండి, డబ్బులు అడక్కండి, ఊరికే ఇచ్చెయ్యండి. పెద్ద తొట్లున్న పెంపకందార్లని వెతకండి, ఇచ్చే ముందు మీరే వెళ్ళి తొట్టి చూడండి, ఫోటో నమ్మకండి. జూ, పబ్లిక్ అక్వేరియం వాళ్ళని ముందు ఫోన్ చేసి అడగొచ్చు, కానీ అందరూ ఇదే చేప తెస్తారు కాబట్టి ఒప్పుకుంటారన్న గ్యారంటీ లేదు. ఏ దారీ లేక, చేప జబ్బుపడి నరకం చూస్తుంటే, చేపల డాక్టర్ సలహాతో లవంగ నూనెతో మత్తిచ్చి నొప్పి లేకుండా పంపించడం ఉంది. వినడానికి కష్టంగా ఉంటది, నాకు రాయడానికి కూడా కష్టంగానే ఉంది, కానీ చెరువులో వదలడం కంటే, చిన్న ట్యాంకులో ఏళ్ళ తరబడి కుళ్ళబెట్టడం కంటే అదే నయం.

పెద్ద చేపని ఇంకో చోటికి తీసుకెళ్ళాలి, ఎలా?

రెండు రోజుల ముందు నుంచి తిండి ఆపెయ్యండి, లేకపోతే దారిలో కక్కి నీళ్ళు పాడుచేస్తది. మామూలు వల వాడకండి, పక్క రెక్కల ముందుండే ముల్లు గట్టిగా, రంపంలా ఉంటది, దారాల్లో ఇరుక్కుంటే తీయలేక రెక్క విరిచేస్తారు. తడిపిన పట్టాని జోలెలాగా పట్టుకుని ఇద్దరు ఎత్తండి, తల వైపు బరువెక్కువ కాబట్టి బలమున్నవాళ్ళు అటు ఉండండి. మూతున్న పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో ట్యాంకు నీళ్ళే పోసి, బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టి, మీద గోనె సంచి కప్పి చీకటి చెయ్యండి. ఎండలో బయల్దేరకండి.

నాది రెండున్నర అడుగులు అయ్యాక ఇలాగే పంపించా, గుంటూరు దగ్గర తెలిసినాయన తోటలో పాత సిమెంటు తొట్టి ఉంటే దానికి ఫిల్టర్ కట్టించాం. పట్టాలో ఎత్తినప్పుడు మొప్పల్లోంచి గుర్రుమని గట్టిగా అరిచింది, ఈ చేపలు ఎత్తితే అలా అరుస్తాయని తెలిసినా మా తమ్ముడు ఒక్క క్షణం పట్టా వదిలేయబోయాడు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి ఎండ ఎక్కకముందే చేరాం. తొట్టి నీళ్ళు కొద్దికొద్దిగా డ్రమ్ములో కలుపుతూ ముప్పావుగంట కూర్చున్నా. వదిలాక అడుగుకి వెళ్ళి గోడ పక్కనే అటు చివరి దాకా వెళ్ళింది, అక్కడ తోక ఒక్కసారి ఆడించి వెనక్కి తిరిగింది, ఏ గోడకీ తగలకుండా.